ఫిర్యాదు తిరిగి ఆ స్టేషనుకే

స్టేషన్లో ఎస్సై చెయ్యి చేసుకున్నారని ఒక మనిషి జిల్లా ఎస్పీకి అర్జీ పెట్టుకున్నాడనుకుందాం. సోమవారం గ్రీవెన్సులో ఎస్పీ గారు ఓపిగ్గా విన్నారు, కాగితం తీసుకున్నారు, రసీదు కూడా ఇప్పించారు. ఆ తర్వాత ఆ కాగితం ఎటు పోతుంది? సాధారణంగా దాని మీద 'విచారించి నివేదిక పంపండి' అని రాసి డీఎస్పీకి పంపుతారు. ఈ రాతనే ఎండార్స్‌మెంట్ అంటారు, అంటే ఫలానా అధికారి ఈ పని చూడాలని పై అధికారి వేసే ముక్క. డీఎస్పీ దాన్ని సీఐకి పంపుతారు. కొన్నాళ్లకు అర్జీదారుకు ఫోను వస్తుంది: "మీ పిటిషన్ మా దగ్గరికొచ్చింది, ఒకసారి స్టేషనుకు రండి." అది ఏ స్టేషనో చెప్పనక్కర్లేదు.

ఇలా జరగడానికి ఇందులో ఎవరికీ దురుద్దేశం ఉండనక్కర్లేదు. వచ్చిన ప్రతి అర్జీనీ కూర్చుని విచారించే తీరిక ఎస్పీకి ఉండదు, కిందికి పంపడమే పద్ధతి. పొలం గట్టు తగాదాకూ మోటార్ సైకిల్ దొంగతనానికీ ఆ పద్ధతి సరిపోతుంది. ఫిర్యాదు ఆ స్టేషను మీదే అయినప్పుడు మాత్రం పనికిరాదు. అందుకే పోలీసుల మీద జరిగే ఏ విచారణ గురించి విన్నా ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: విచారించేవారికీ విచారణ ఎదుర్కొనేవారికీ మధ్య ఎన్ని మెట్ల దూరం ఉంది?

ఆ దూరం లేకపోతే ఏమవుతుందో కస్టడీ మరణాల లెక్కలో కనిపిస్తుంది. కస్టడీ మరణం అంటే మనిషి పోలీసుల అదుపులో ఉండగా చనిపోవడం. జాతీయ నేర గణాంకాల సంస్థ, అంటే ఎన్‌సీఆర్‌బీ, ప్రచురించిన వివరాల ప్రకారం 2001 నుంచి 2020 వరకు దేశంలో ఇలాంటివి 1,888. పోలీసు సిబ్బంది మీద నమోదైన కేసులు 893. చార్జిషీటు దాకా వెళ్లినది 358 మంది మీద. శిక్ష పడింది 26 మందికి.

ఇరవై ఏళ్లంటే 7,305 రోజులు. నాలుగు రోజులు నిండకముందే ఒక మరణం చొప్పున ఇరవై ఏళ్లూ సాగిందన్నమాట. శిక్షలు సగటున ఏడాదికి ఒకటి కంటే కాస్త ఎక్కువ. ఆ సగటు కూడా నిలకడగా లేదు. 26 మందిలో 11 మందికి ఒక్క 2006లోనే శిక్ష పడింది, మిగిలిన పంతొమ్మిదేళ్లకు మిగిలింది 15 మంది. మొత్తాన్ని వందకు కుదిస్తే, వంద మరణాలకు 47 కేసులు, చార్జిషీటు ఎదుర్కొన్నవారు 19 మంది, శిక్ష పడినవారు ఒకరు, మహా అయితే ఇద్దరు. ఇక్కడ ఒక జాగ్రత్త. మొదటి అంకె మరణాలది, రెండోది కేసులది, చివరి రెండూ మనుషులవి. ఒకే మరణంలో అయిదుగురు పోలీసులు నిందితులు కావచ్చు, ఒక కేసు పదేళ్లు నడవచ్చు. కాబట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసివేసి 'ఇన్ని హత్యలు వదిలేశారు' అని తేల్చకూడదు. లెక్క ఎటు వాలుతోందో చూడటానికి మాత్రం ఇది చాలు.

అంటే చనిపోయిన వాళ్లందరినీ పోలీసులే కొట్టి చంపారా? కాదు. ఎన్‌సీఆర్‌బీ పట్టికలోనే కారణాలుంటాయి. ఆత్మహత్యలు, అనారోగ్యం, ఆసుపత్రిలో చికిత్స పొందుతుండగా మరణం అన్న గడుల్లో చాలా మంది పేర్లు చేరతాయి. వాటిలో నిజమైన గుండెపోట్లు ఉంటాయి, భయంతో ఉరేసుకున్నవాళ్లూ ఉంటారు. చిక్కల్లా, ఏ మరణం ఏ గడిలో పడాలో మొదట రాసే కాగితం ఎక్కడ తయారవుతుందన్నదే. మనిషి ఎన్ని గంటలకు స్టేషనుకు వచ్చాడు, అప్పుడు ఒంటి మీద గాయాలున్నాయా, నీళ్లు ఎప్పుడడిగాడు, ఎప్పుడు పడిపోయాడు అన్నవి రాసేది ఆ స్టేషను రికార్డే. తర్వాత ఎంత పెద్దవాళ్లు విచారించినా మొదలుపెట్టేది ఆ కాగితాలతోనే.

లెక్కలు చూసే అలవాటున్నవారికి ఇంకో అనుమానం రావాలి. ఎన్‌సీఆర్‌బీ 2020కి చెప్పిన సంఖ్య 76. జాతీయ మానవ హక్కుల కమిషన్ లెక్క ఆధారంగా కేంద్రం పార్లమెంటుకు చెప్పిన సంఖ్య 2020-21కి 100, ఆ మరుసటి ఏడాదికి 175, 2017-18 నుంచి అయిదేళ్లకు కలిపి 669. తేడా ఎందుకు? ఒకటి జనవరి నుంచి డిసెంబరు లెక్క, ఇంకొకటి ఏప్రిల్ నుంచి మార్చి. అంతకంటే ముఖ్యమైన కారణం వేరే ఉంది. ఎన్‌సీఆర్‌బీకి అంకెలు ఏడాది చివర రాష్ట్ర పోలీసు శాఖల నుంచి వస్తాయి. కమిషన్‌కు మాత్రం ప్రతి కస్టడీ మరణాన్నీ 24 గంటల్లో తెలియజేయాలని 1993 నుంచి ఆదేశం ఉంది. గడువు పెట్టి, సంఘటన జరిగినప్పుడే చెప్పించుకున్న లెక్క మీద నాకు నమ్మకం కాస్త ఎక్కువ.

మరణం కాబట్టి ఇంతైనా రికార్డుకెక్కింది. రాత్రంతా కూర్చోబెట్టడం, చెంపదెబ్బ, ఫోను లాక్కోవడం, కేసు కట్టకుండా రాజీకి నెట్టడం లాంటివి చాలా వరకు ఏ పట్టికకూ ఎక్కవు.

సరే, అదే స్టేషను కాకుండా పక్క స్టేషను చేత విచారణ చేయిస్తే? ఎన్‌కౌంటర్ల విషయంలో సుప్రీంకోర్టు 2014లో పీయూసీఎల్ కేసులో దాదాపు అదే చెప్పింది. ఎన్‌కౌంటర్‌లో మరణం జరిగితే సీఐడీ గానీ, వేరే స్టేషను బృందం గానీ దర్యాప్తు చేయాలి. ఆ దర్యాప్తును చూసే అధికారి, ఎన్‌కౌంటర్‌లో పాల్గొన్న బృందం పెద్ద కంటే కనీసం ఒక హోదా పైవారై ఉండాలి. ఏమీ లేనిదానికంటే ఇది నయం. అయితే మెట్లు లెక్కపెట్టండి. ఒకే జిల్లాలో రెండు స్టేషన్ల ఎస్సైలకూ ఎస్పీ ఒక్కరే. ఈరోజు విచారించిన ఎస్సై రేపు బదిలీ అయి అదే స్టేషనుకు వెళ్లవచ్చు. సీఐడీ అయితే జిల్లా దాటినట్టే, కానీ సీఐడీ అధిపతికీ జిల్లా ఎస్పీకీ పైన ఉన్నది ఒకే డీజీపీ.

తెలుగువాళ్లందరికీ గుర్తున్న ఉదాహరణ దిశ కేసు. 2019 నవంబరు చివర్లో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య జరిగాయి. పట్టుబడిన నలుగురు నిందితులను డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర సైబరాబాద్ పోలీసులు కాల్చి చంపారు. నిందితులే తమ ఆయుధాలు లాక్కుని కాల్పులు జరిపారని పోలీసుల కథనం. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మొదట నమోదైన కేసు చనిపోయిన నలుగురి మీదే, పోలీసుల మీద హత్యాయత్నం చేశారని. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం సిట్, అంటే ప్రత్యేక దర్యాప్తు బృందం వేసింది. దానికి అధిపతి రాచకొండ పోలీసు కమిషనర్. రాచకొండ కమిషనరేట్ పుట్టింది 2016లో, పుట్టింది సైబరాబాద్‌లోంచి విడిపోయి. అప్పటికి మూడేళ్ల కిందటి దాకా రెండూ ఒకే ఇల్లు.

సుప్రీంకోర్టు ఆరు రోజుల్లోనే, డిసెంబరు 12న, తన మాజీ న్యాయమూర్తి వి.ఎస్. సిర్పూర్కర్ అధ్యక్షతన కమిషన్ వేసింది. ఆరు నెలల్లో ఇవ్వాలన్న నివేదిక 2022 జనవరిలో చేరింది, మే నెలలో బయటపడింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, పదిమంది పోలీసు సిబ్బందిని హత్యానేరం కింద విచారించాలని అందులో ఉంది. నలుగురిలో ముగ్గురు సంఘటన నాటికి మైనర్లని కూడా తేల్చింది. అవే శవాలు, అదే స్థలం, అవే తూటాలు. విచారించినవాళ్ల దూరం మారేసరికి తేలిన విషయమే మారిపోయింది. ఆ నలుగురూ నేరం చేశారా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు చెప్పాల్సిన కోర్టు విచారణ ఇక ఎప్పటికీ జరగదు.

మరి కమిషన్ వేస్తే సరిపోతుంది కదా అనిపించవచ్చు. సరిపోదు. ఇది హైదరాబాదుకు 1978లోనే అనుభవం. నల్లకుంట స్టేషనులో ఒక మహిళ మీద పోలీసులే అత్యాచారం చేశారని, ఆమె భర్త దెబ్బలకు చనిపోయాడని తెలిసి నగరం అట్టుడికింది. కాల్పులు, కర్ఫ్యూ. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులదే తప్పని తేల్చింది. కేసు విచారణ మాత్రం కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది, అక్కడి కోర్టు నిందితులను వదిలేసింది. విచారణ కమిషన్ల చట్టం 1952లోనే దీనికి మూలం ఉంది. కమిషన్ చెప్పేది సలహా మాత్రమే. దాని ముందు సాక్షి చెప్పిన మాటను ఆ తర్వాత నేర విచారణలో ఆ సాక్షి మీద వాడకూడదు. కోర్టుకు కావలసిన సాక్ష్యాలను మళ్లీ మొదటి నుంచి పోగుచేయాలి. అప్పటికి రక్తపు మరకలు కడిగేసి ఉంటారు.

కమిషన్ కంటే ముందు రాగలిగిన మనిషి ఒకరున్నారు, జ్యుడీషియల్ మేజిస్ట్రేటు. కస్టడీలో మరణం, అత్యాచారం, మనిషి మాయమవడం జరిగితే పోలీసు దర్యాప్తుతో పాటు మేజిస్ట్రేటు కూడా విచారణ జరపాలని 2006లో అమల్లోకి వచ్చిన సవరణ చెప్పింది. ఇప్పుడది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1న వచ్చిన చట్టంలో 196వ సెక్షను. ఇది ఎంత శక్తిమంతమో, ఎంత కష్టమో తమిళనాడులోని సాత్తాన్‌కుళంలో బయటపడింది. 2020 జూన్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, దుకాణం మూసే వేళ విషయమై తీసుకెళ్లిన తండ్రీ కొడుకులు ఇద్దరూ చనిపోయారు. విచారణకు వెళ్లిన మేజిస్ట్రేటుకు స్టేషను సిబ్బంది సహకరించలేదు, ఎదురుగానే అవమానకరంగా మాట్లాడారు. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆ స్టేషనును రెవెన్యూ అధికారుల అదుపులో ఉంచమని చెప్పాల్సి వచ్చింది. స్టేషను తాళాలు తహశీల్దారు చేతికి వెళ్లాయన్నమాట. తర్వాత దర్యాప్తు సీబీఐకి చేరింది.

మేజిస్ట్రేటు నివేదికలో చిన్నదిగా కనిపించే వివరం ఒకటుంది. స్టేషనులో సీసీ కెమెరాలున్నాయి, రికార్డు నిలవ ఉంచే హార్డ్‌డిస్కులో చోటూ ఉంది. కానీ ఏ రోజు దృశ్యాలు ఆ రోజే చెరిగిపోయేలా దాన్ని అమర్చి పెట్టారు. అదే ఏడాది డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషనులో గేటు, లాకప్, వరండా, ఎస్సై గది సహా అన్నిచోట్లా మాటలు కూడా వినిపించే కెమెరాలు పెట్టాలని, రికార్డు 18 నెలలు ఉంచాలని, అంత సామర్థ్యం లేకపోతే కనీసం ఏడాదైనా నిలవాలని ఆదేశించింది. ఒక రోజుకూ 18 నెలలకూ మధ్య ఉన్న తేడాయే చాలా కేసుల్లో సాక్ష్యానికీ మాటకూ మధ్య తేడా.

సీబీఐకి ఇచ్చేస్తే పోదా అని అడిగేవారికి క్లుప్తంగా. సీబీఐ రాష్ట్రంలో అడుగుపెట్టాలంటే రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి కావాలి. ఆంధ్రప్రదేశ్ 2018 నవంబరులో ఆ సాధారణ సమ్మతిని ఉపసంహరించుకుంది, 2019లో ప్రభుత్వం మారాక తిరిగి ఇచ్చింది. తెలంగాణ 2022లో ఉపసంహరించుకుంది. సమ్మతి లేకున్నా హైకోర్టు ఆదేశించవచ్చని 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కానీ చెంపదెబ్బ తిన్న కూలీ హైకోర్టు దాకా ఎలా వెళ్తాడు?

ఆ కూలీ కోసమే అనుకున్న ఏర్పాటు ఒకటుంది. దాన్ని కోరినవారు పోలీసులకు శత్రువులు కారు. ఉత్తరప్రదేశ్‌లో డీజీపీగా చేసిన ప్రకాశ్ సింగ్ 1996లో సుప్రీంకోర్టుకెక్కారు. పదేళ్ల తర్వాత, 2006 సెప్టెంబరు 22న, కోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. వాటిలో ఒకటి పోలీసు ఫిర్యాదుల అథారిటీ. ఎస్పీ, ఆ పై అధికారుల మీద ఫిర్యాదులకు రాష్ట్ర స్థాయిలో ఒకటి, దానికి విశ్రాంత హైకోర్టు లేదా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అధ్యక్షులు. డీఎస్పీ వరకు జిల్లాకొకటి, దానికి విశ్రాంత జిల్లా జడ్జి. రాష్ట్ర స్థాయిది కస్టడీలో మరణం, తీవ్రగాయం, అత్యాచారం లాంటి పెద్దవే చూస్తుంది. జిల్లా స్థాయిది బలవంతపు వసూళ్లు, భూమి, ఇల్లు లాక్కోవడంలో పోలీసుల పాత్ర కూడా చూడవచ్చు. భూమి సెటిల్‌మెంట్లు స్టేషన్లలో జరగడం తెలిసిన మన ఊళ్లకు ఈ చివరి ముక్క ఎంత అవసరమో వేరే చెప్పాలా? పైగా అథారిటీ సిఫారసు ప్రభుత్వం పాటించి తీరాలని కోర్టు చెప్పింది. గడువు ఆ ఏడాది డిసెంబరు 31.

గడువు సంగతి అలా ఉంచి, నియామకాల తీరు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో, అంటే తీర్పు వచ్చిన పదిహేనేళ్లకు, అధ్యక్షుడిగా నియమితులైన విశ్రాంత న్యాయమూర్తి వి. కనగరాజ్ విషయంలో వయోపరిమితి వివాదం కోర్టుకెళ్లింది, ఆ నియామకాన్ని అదే ఏడాది హైకోర్టు నిలిపివేసింది. కుర్చీలో మనిషి ఉండటం ఒక్కటే కూడా చాలదు. తన సొంత దర్యాప్తు సిబ్బంది లేని అథారిటీ ఏం చేస్తుంది? ఫిర్యాదు అందగానే 'నివేదిక పంపండి' అని ఎస్పీకి రాస్తుంది. కాగితం మళ్లీ అదే మెట్లు దిగుతుంది. మానవ హక్కుల కమిషన్‌కు దర్యాప్తు విభాగం ఉన్నా, దానికీ మనుషులు పోలీసు శాఖ నుంచి డిప్యుటేషన్ మీదే వస్తారు.

ఇక్కడ పోలీసు కుటుంబాలవారికి కష్టం కలగవచ్చు. అందరినీ దొంగల్లా చూస్తారా, తప్పుడు ఫిర్యాదులు రావా? వస్తాయి. పట్టుబడినవాడు కక్షతో పెట్టేవి, రాజకీయ నాయకులు పెట్టించేవి చాలానే వస్తాయి. కానీ పదో తరగతి జవాబు పత్రాలను సొంత బడి పంతుళ్లు దిద్దరు, కోడ్ వేసి స్పాట్ వాల్యుయేషన్‌కు బయటికి పంపుతారు. దాన్ని ఏ పంతులూ అవమానం అనుకోరు. ఆ మార్కులనే కదా ఊరంతా నమ్మేది. సొంత శాఖ ఇచ్చిన క్లీన్‌చిట్‌ను ఎవరూ నమ్మరు కాబట్టి, ఏ తప్పూ చేయని ఎస్సై కూడా జీవితాంతం ఆ మరక మోస్తారు. ఇప్పుడున్న పద్ధతిలో గొడవ పెద్దదైతే వెంటనే 'వీఆర్‌కు పంపారు' అని వార్త వస్తుంది. వీఆర్ అంటే పోస్టింగ్ లేకుండా హెడ్‌క్వార్టర్స్‌లో వేచి ఉండటం, జీతం ఆగదు. సస్పెన్షన్‌లో కూడా మొదట్లో సగం జీతమంత భృతి వస్తుంది. ఈ రెండూ గొడవ చల్లార్చడానికి పనికొస్తాయి. ఏం జరిగిందో ఒక్క వాక్యం కూడా తేల్చవు.

వేరేచోట ఎలా ఉంది అంటే, ఉత్తర ఐర్లాండ్ చూడవచ్చు. అక్కడి జనాభా 19 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌ను 2022లో 26 జిల్లాలు చేసినప్పుడు సగటు జిల్లా జనాభా కూడా, 2011 లెక్కల్లో, దాదాపు అంతే. అంటే మన జిల్లా ఒక్కటి. దశాబ్దాల పాటు బాంబులు, కాల్పులు, పోలీసుల మీద సగం జనానికి నమ్మకం లేని స్థితి. అక్కడ 2000 నవంబరులో పోలీసు అంబుడ్స్‌మన్ కార్యాలయం పని మొదలుపెట్టింది. ఫిర్యాదులన్నీ అక్కడికే వెళ్తాయి, ఏడాదికి సుమారు మూడు వేలు. దర్యాప్తు చేసేది సొంత మనుషులు, అవసరమైతే రాత్రిపూట సంఘటనా స్థలానికి వెళ్లేదీ వాళ్లే. అన్ని ఫిర్యాదులూ నిజమని తేలవు, చాలావాటికి ఆధారాలు దొరకవు. అక్కడా ఆ కార్యాలయం మీద విమర్శలున్నాయి. కానీ ఫిర్యాదు చేసిన మనిషిని అదే స్టేషనుకు రమ్మని పిలవరు.

మన దగ్గర అలాంటి కార్యాలయం వచ్చేదాకా బాధితులు ఏం చేయాలి? స్టేషను ఫిర్యాదు తీసుకోకపోతే దాన్ని రాసి పోస్టులో ఎస్పీకి పంపాలి. కొత్త చట్టమైన నాగరిక్ సురక్షా సంహితలో 173(4) సెక్షను ఇది. ఫలితం లేకపోతే 175(3) కింద, ప్రమాణపత్రం జతచేసి మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఎస్పీకి పంపిన రుజువు లేకపోతే ఈ రెండో మెట్టు ఎక్కనివ్వరు, కాబట్టి పోస్టు రసీదు పారేయకండి. ఒక మెలిక తెలిసి ఉండాలి. విధి నిర్వహణలో భాగంగా జరిగిన పని మీద ప్రభుత్వోద్యోగిపై ఫిర్యాదు అయితే, మేజిస్ట్రేటు ముందుగా ఆ ఉద్యోగి పై అధికారి నివేదిక తెప్పించుకోవాలని, ఉద్యోగి వాదననూ చూడాలని 175(4) అంటుంది. దూరం ఇక్కడా తగ్గింది. మంచి మార్పు ఒకటి: ప్రభుత్వోద్యోగిని విచారించడానికి కావలసిన అనుమతిపై ప్రభుత్వం 120 రోజుల్లో ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. పాత సీఆర్‌పీసీలో ఆ ఫైలుకు గడువే ఉండేది కాదు.

లాయరు ఖర్చుకు భయపడనక్కర్లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. మానవ హక్కుల కమిషన్‌కు రాయదలిస్తే సంఘటన జరిగిన ఏడాదిలోపే రాయాలి, అది దాటితే వాళ్లు చూడలేరు.

అన్నిటికంటే ముందు చేయాల్సింది కెమెరా రికార్డును భద్రపరచమని కోరడం. ఆ దృశ్యాలను భద్రపరచమనే హక్కు బాధితులకు ఉందని కెమెరాల మీద వచ్చిన ఆ 2020 తీర్పే చెబుతోంది, ఈ సంగతి స్థానిక భాషలో స్టేషను గోడ మీద రాసి ఉండాలని కూడా. అర్జీలో 'నన్ను హింసించారు' అని రాస్తే రికార్డులో ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలియదు. ఏ తేదీ, ఎన్ని గంటలకు లోపలికి తీసుకెళ్లారు, ఏ గదిలో కూర్చోబెట్టారు, ఎప్పుడు వదిలారు అన్నవి రాయండి. ఒకే అర్జీ నకళ్లు ఎస్పీకి, మానవ హక్కుల కమిషన్‌కు ఒకే రోజు పోస్టు చేయండి. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఒంటి మీద దెబ్బలుంటే అప్పుడే చూపించి, అక్కడే రాయించుకోవాలి.